గిడ్డంగి నిప్పుగంటకు ఎంత బ్యాటరీ కావలెను?

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లని మన పెద్దలొక సామెత చెప్పుదురు. ఈ సామెత తమకు తగులకుండుటకై కొన్ని సహకార సంఘములవారు తమ గిడ్డంగులలో పొగను, మంటను పసిగట్టి గంట మ్రోగించు యంత్రములను అమర్చుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. సంఘపు గిడ్డంగిలోని ప్రత్తి బేళ్లు, మిరప బస్తాలు, పసుపు, ధాన్యము ఏ యొక్కని సొత్తును కావు. అందులో పెక్కింటిమీద అప్పు కలదు. సరకు కుదువబెట్టి సొమ్ము తెచ్చుకొనిన సభ్యునకు ఆ సరకు కాలిపోయినచో అప్పు మాత్రము మిగులును. బీమా సొమ్ము చేతికి వచ్చునప్పటికి విత్తనముల అదను దాటిపోవచ్చును.

యంత్రము గోడకెక్కిన పిమ్మట దాని పెట్టెలో నుండు బ్యాటరీని గూర్చి తలచువారు అరుదు. ఎంత బ్యాటరీ కావలెనో సంఘమువారు అడుగరు. అమ్మువాడు తనయొద్ద నున్నది పెట్టి పోవును. ఆ లెక్క మన రైతు సోదరులు స్వయముగా కాగితముమీద వేసుకొనదగినదియే. కూడికయు, గుణింతమును వచ్చిన చాలును. దానిని ఈ వ్యాసమున మెట్టుమెట్టుగా వివరింపదలచితిమి.

బ్యాటరీ యెందుకు?

నిప్పుగంట మామూలు దినములలో మెయిను కరెంటుమీదనే నడుచును. కరెంటు పోయిన క్షణమున బ్యాటరీ ఆ భారమును అందుకొనవలెను. కరెంటు పోవుటకును, నిప్పు పుట్టుటకును తరచుగా సంబంధము కలదని సభ్యులు గుర్తింపవలెను. తీగెలు ఒరసికొని నిప్పు పుట్టినచో ఆ తీగెల ఫ్యూజే మొదట ఎగిరిపోవును. గాలివానలో కరెంటు పోయినపుడే కావలివాడు క్రొవ్వొత్తియో, కిరసనాయిలు దీపమో వెలిగించును. పొగ కనబడగనే తెలిసినవాడెవడైనను మొట్టమొదట చేయు పని మెయిను తీసివేయుట. కావున గంట మ్రోగవలసిన వేళకు కరెంటు ఉండదని తలచి యేర్పాటు చేసికొనుటయే వివేకము.

ప్రత్తి విషయమున ఈ జాగ్రత్త మఱింత యవసరము. గట్టిగా బిగించిన బేలులో పడిన నిప్పురవ్వ వెంటనే మండక, లోలోపలనే గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది రాజుచుండును. పైకి సన్నని పొగ మాత్రము వచ్చును. యంత్రము మేలుకొని యుండినచో ఆ పొగనే పట్టుకొని మనలను పిలుచును. నిదురించినచో మంట పైకప్పు తాకిన పిమ్మటనే ఊరివారు చూతురు.

కొలదికాలము క్రిందట మేమొక సంఘపు గిడ్డంగిని చూడబోయితిమి. నిప్పుగంట సరిగా నున్నదా యని యడుగగా, కార్యదర్శి "ఆ పచ్చదీపము ఎప్పుడును వెలుగుచునే యున్నదండీ" అని చూపెను. "ఒక్కసారి మెయిను తీయించుడు, చూతము" అంటిమి. మెయిను తీసిన పది నిమిషములలోపల పచ్చదీపముతోబాటు తక్కిన దీపములన్నియు ఆరిపోయెను. గాజు పగులగొట్టి నొక్కు మీటను తాళపుచెవితో పరీక్షింపగా హూటరు ఒక్క మూలుగు మూలిగి ఊరకుండెను. పెట్టె మూత తీసి చూడగా రెండు బ్యాటరీలును ప్రక్కలు ఉబ్బి యుండెను. వానిమీది తేదీ ఆరేండ్లనాటిది. ఆ పచ్చదీపము మెయిను కరెంటు వచ్చుచున్నదని మాత్రమే చెప్పును. బ్యాటరీ బ్రతికియున్నదో లేదో అది చెప్పలేదు. అదృష్టవశమున ఆ పరీక్ష పట్టపగలు, నిప్పు లేని వేళ జరిగినది.

ఆంపియరు, ఆంపియరు-గంట

మన రైతులకు క్యూసెక్కు, టి.ఎం.సి. అను మాటలు చిరపరిచితములు. కాలువలో ఇన్ని క్యూసెక్కులు పారుచున్నవనుట పారుదల వేగము. జలాశయమున ఇన్ని టి.ఎం.సి.లు ఉన్నవనుట నిలువ. 11,574 క్యూసెక్కుల నీరు ఒక పగలు ఒక రాత్రి పారినచో ఒక టి.ఎం.సి. ఖర్చగును.

విద్యుత్తు విషయమును ఇట్టిదే. ఆంపియరు అనునది పారుదల. అందులో వేయవవంతును మిల్లీ ఆంపియరు అందురు. ఆంపియరు-గంట యనునది నిలువ. అర ఆంపియరు చొప్పున పది గంటలు వాడినచో ఐదు ఆంపియరు-గంటలు ఖర్చగును. వోల్టు అనునది నీటిమట్టపు ఎత్తువంటిది. బ్యాటరీ యనునది మన చెరువు. ఛార్జరు దానిని నింపు కాలువ. హూటరులు, డిటెక్టరులు దాని తూములు. చెరువు ఎంత పెద్దదిగా త్రవ్వవలెనో తెలియవలెనన్నచో, ఏ తూము ఎంత పారునో, ఎన్ని గంటలు పారునో తెలిసికొనవలెను.

ఈ యంత్రములలో సామాన్యముగా వాడునది మూతవేసి బిగించిన సీసపు బ్యాటరీ. సీసపు బ్యాటరీని 1859 లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. పెక్కు యంత్రములు 24 వోల్టులమీద పనిచేయును గనుక 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలుపుదురు. ఇచట ఒక పొరపాటు తరచుగా జరుగుచున్నది. 7 ఆంపియరు-గంటల బ్యాటరీలు రెండు వరుసగా కలిపినచో వోల్టులు కూడి 24 అగును గాని, ఆంపియరు-గంటలు కూడవు. అవి 7 గానే నిలుచును. "రెండున్నవి గదా, 14 అయినది" అని లెక్కించినవాడు సగమునకు సగము మోసపోవును.

గంటలు చెప్పవలసినది సంఘమే

లెక్కకు మొదటి ప్రశ్న ఇది: కరెంటు పోయిన పిమ్మట యంత్రము ఎన్ని గంటలు మేలుకొని యుండవలెను? దీనికి అమ్మువాడు జవాబు చెప్పజాలడు. గిడ్డంగి ఎప్పుడు మూయుదురో, తాళము ఎవరియొద్ద నుండునో, రాత్రి కావలి కలదో లేదో సంఘమునకు మాత్రమే తెలియును.

అమెరికా దేశపు ఎన్.ఎఫ్.పి.ఏ. 72 అను నియమావళి, మాటలతో కాక గంటలతో హెచ్చరించు యంత్రము కరెంటు లేక 24 గంటలు కాచి, ఆపైన 5 నిమిషములు మ్రోగగలిగి యుండవలెనని చెప్పును. బ్రిటిషువారి బి.ఎస్. 5839 అను నియమావళి మన గిడ్డంగులకు మఱింత దగ్గరగా నున్నది. ఆస్తిరక్షణకై పెట్టిన యంత్రముల విషయమున అది ఒక చక్కని సూత్రమును ఏర్పరచినది. ఆ కట్టడము మనుష్యులు లేక మూసియుండు మిక్కిలి దీర్ఘమైన కాలమును తీసికొని, దానికి 24 గంటలు కలుపవలెను. మొత్తము 72 గంటలకు మించనక్కరలేదు. ఆపైన అరగంట మ్రోగగలిగి యుండవలెను. మన దేశమున భారతీయ ప్రమాణముల బ్యూరోవారి ఐ.ఎస్. 2189 అను నియమావళి ఈ యంత్రముల ఎంపికకు, అమరికకు, పోషణకు ఆధారము. పనివాడు దానికి లోబడియే పని చేయవలెను. ఈ లెక్కవలన వచ్చినదానికంటె ఆ నియమావళియో, అగ్నిమాపక శాఖవారో ఎక్కువ కోరినచో ఎక్కువదానినే గ్రహింపవలెను.

ఒక గిడ్డంగిని ఊహింతము. శనివారము సాయంకాలము 6 గంటలకు తాళము వేసి, సోమవారము ఉదయము 8 గంటలకు తీయుదురు. ఆ నడుమ 38 గంటలు. తాళము వేసిన మరునిమిషముననే కరెంటు పోయినదనుకొనుడు. సోమవారము ఉదయము కార్యదర్శి వచ్చి చూచువరకు ఎవరికిని తెలియదు. చూచిన పిమ్మట లైనుమనిషిని పిలిపించి బాగుచేయించుటకు ఒక దినము గడువు కావలెను గదా. అందుకే ఆ 24 గంటలు. రెండును కలిపి 62 గంటలు.

తూముల లెక్క

ఇక రెండవ ప్రశ్న: యంత్రము ఊరక కాచియున్నపుడు ఎంత పారును, మ్రోగునపుడు ఎంత పారును? ప్రతి పరికరముతోబాటు వచ్చు కాగితముమీద ఈ రెండంకెలును ముద్రించి యుండును. లేనిచో అడిగి వ్రాయించుకొనవలెను. మన ఊహాగిడ్డంగి లెక్క ఇట్లున్నదనుకొందము.

కాచియున్నపుడు:
ప్యానెలు — 100 మిల్లీ ఆంపియరులు
ఎత్తైన కప్పు క్రింద బీము డిటెక్టరులు 4, ఒక్కొక్కటి 15 చొప్పున — 60
పొగ డిటెక్టరులు 50, ఒక్కొక్కటి 0.1 చొప్పున — 5
టెలిఫోనుకు వార్త పంపు పెట్టె — 35
మొత్తము — 200 మిల్లీ ఆంపియరులు, అనగా 0.2 ఆంపియరు.

మ్రోగునపుడు:
ప్యానెలు — 300
బీము డిటెక్టరులు 4, ఒక్కొక్కటి 20 చొప్పున — 80
పొగ డిటెక్టరులు అన్నియు కలిసి — 50
హూటరులు 10, ఒక్కొక్కటి 60 చొప్పున — 600
టెలిఫోను పెట్టె — 170
మొత్తము — 1,200 మిల్లీ ఆంపియరులు, అనగా 1.2 ఆంపియరులు.

కాచియుండుటకు: 0.2 ను 62 చే గుణింపగా 12.4 ఆంపియరు-గంటలు. మ్రోగుటకు: 1.2 ను అరగంటచే గుణింపగా 0.6 ఆంపియరు-గంట.

ఇచట సభ్యులు ఒక్క నిమిషము ఆగి ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. పది హూటరులు ఊరంతయు దద్దరిల్లునట్లు అరగంట మ్రోగినను ఖర్చు 0.6 మాత్రమే. నోరెత్తక కాచియుండుటకు అయిన ఖర్చు 12.4; ఇరువది రెట్లకంటె ఎక్కువ. రాత్రి కావలివాని కూలి అంతయు వాడు మేలుకొని యుండినందుకే. "దొంగ, దొంగ" యని కేక వేసినందుకు వేరుగా కూలి లేదు. ఇదియు నట్టిదే. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: అగ్నిమాపక యంత్రము దూరపు పట్టణమునుండి రావలసి యుండి, అరగంట చాలదు, గంటసేపు మ్రోగవలెనని మీకు తోచినచో వెనుదీయనక్కరలేదు, దానికయ్యెడు ఖర్చు స్వల్పము. రెండవది: కొనునపుడే ఊరక కాచియున్నపుడు తక్కువ పారు పరికరములను ఎన్నుకొనవలెను. పది మిల్లీ ఆంపియరులు తగ్గినను 62 గంటలకు 0.62 ఆంపియరు-గంట మిగులును. అది హూటరులు అరగంట మ్రోగుటకు సరిపోవును.

తొందరకు కట్టవలసిన సుంకము

బ్యాటరీ మీద 7 అని ముద్రించి యున్నచో, ఆ 7 సామాన్యముగా 20 గంటలలో మెల్లగా తీసికొనినపుడు వచ్చునది. అనగా గంటకు 0.35 ఆంపియరు చొప్పున. అదే బ్యాటరీనుండి 7 ఆంపియరుల చొప్పున లాగినచో గంటసేపు రాదు. ముప్పాతిక గంట నిండకమునుపే చతికిలబడును. వేగముగా లాగినకొలది చేతికి దక్కునది తగ్గునని 1897 లో జర్మనీ దేశపు పాయికర్టు అను శాస్త్రజ్ఞుడు లెక్క కట్టెను. బావిలో ఊట మెల్లగా తోడినపుడు అందును. ఇంజను పెట్టి లాగినచో అడుగు తేలును. బ్యాటరీ స్వభావమును అంతే.

ఈ నష్టమునకై బ్రిటిషు నియమావళి మ్రోగు ఖర్చును 1.75 చే గుణింపుమని చెప్పుచున్నది. బ్యాటరీ ఆంపియరు-గంటలను 20 చే భాగింపగా వచ్చినదానికంటె మ్రోగు పారుదల ఎక్కువైనపుడే ఈ సుంకము. మన లెక్కలో 1.2 ఎక్కువయే. కావున 0.6 ను 1.75 చే గుణింపగా 1.05 అగును. కాచియుండు ఖర్చుతో కలుపగా 13.45 ఆంపియరు-గంటలు.

ముసలితనమునకు పాతిక

క్రొత్త బ్యాటరీ క్రొత్తదిగానే యుండదు. ఏటేట దాని శక్తి తరుగును. 100 పాళ్లలో 80 పాళ్లకు దిగినచో ఆ బ్యాటరీని మార్చివేయవలెనని ఈ విద్యలోనివారి నిర్ణయము. మార్చివేయు దినమునకు ముందటి దినమున నిప్పు పుట్టినను యంత్రము పనిచేయవలెను గదా. 80 పాళ్లు మిగిలినను మనకు కావలసినది దొరకవలెనన్నచో మొదటనే ఒకటింపాతిక రెట్లు తీసికొనవలెను. అందుచేతనే మొత్తమును 1.25 చే గుణింతురు.

13.45 ను 1.25 చే గుణింపగా 16.81 వచ్చును. అంగడిలో దొరకు పరిమాణములు 7, 12, 17 లేక 18, 26, 42 మొదలైనవి. మన గిడ్డంగికి 18 ఆంపియరు-గంటల 12 వోల్టుల బ్యాటరీలు రెండు కావలెను. ఈ పాతిక ముసలితనమునకు ఏర్పరచిన భాగము. రేపు మఱి నాలుగు హూటరులు తగిలించుటకు "పాతిక మిగులు కలదు గదా" యని దానిలో చేయి పెట్టరాదు. పరికరము చేర్చినపుడెల్ల లెక్క మొదటినుండి వేయవలెను.

ఇదే యంత్రమునకు 24 గంటలే చాలునని అమ్మువాడు చెప్పెననుకొందము. 0.2 ను 24 చే గుణింపగా 4.8, దానికి 0.6 కలుపగా 5.4, పాతిక కలుపగా 6.75. "7 చాలును, ఇదిగో కాగితము" అని చూపును. తొందర సుంకము వేసి చూడుడు: 4.8 కు 1.05 కలుపగా 5.85, పాతికతో 7.31. 7 చాలలేదు, 12 కొనవలెను. మన గిడ్డంగి ఆదివారము మూసియుండును గనుక ఆ 24 గంటలే మొదట చాలవు. ఆ 7 ఆంపియరు-గంటల బ్యాటరీలు క్రొత్తవైనను 0.2 చొప్పున 35 గంటలకు వట్టిపోవును. శనివారము సాయంకాలము 6 గంటలకు కరెంటు పోయినచో సోమవారము తెల్లవారుజామున 5 గంటలకు యంత్రము మూగబోవును. తాళము తీయుటకు ఇంకను మూడు గంటలు కలవు. ఆ వేళ నిప్పు రాజినచో పిలుచువారుండరు.

పండుగలు, తుపానులు

సంక్రాంతికి గిడ్డంగి మూడు దినములు మూసియుండును. భోగినాటి వేకువను ఊరంతటను మంటలు వేయుదురు. నిప్పు భయము హెచ్చుగా నున్నపుడే మనుష్యులు లేకుండుట ఇచటి విశేషము. దీపావళి బాణసంచా సంగతియు అంతియే. పండుగకుగూడ పనికివచ్చునట్లు 72 గంటలు కావలెనన్నచో లెక్క ఇది: 0.2 ను 72 చే గుణింపగా 14.4, దానికి 1.05 కలుపగా 15.45, పాతికతో 19.31. 18 చాలదు, 26 కొనవలెను. ఐనను భోగి ముందటి సాయంకాలము మొదలు కనుమ మరునాటి ఉదయమువరకు 72 గంటలు దాటును. కావున పండుగ దినములలో దినమున కొకసారియైనను తాళముగల మనిషి వచ్చి ప్యానెలు చూచిపోవు ఏర్పాటు సంఘము చేయవలెను. అట్లు చేయు సంఘమునకు పండుగకై 26 కొనవలసిన పనియు తప్పును.

టెలిఫోనుకు వార్త పంపు పెట్టె యున్నచోట, నిప్పునకే గాక కరెంటు పోయినపుడును కార్యదర్శికి వార్త పోవునట్లు అమర్పించుకొనవలెను. అతడు వార్త అందగనే వచ్చువాడైనచో ఇది గొప్ప సహాయము. ఐతే ఊరిలో కరెంటు పోయిన కొంతసేపటికి టెలిఫోను టవరుకూడ ఆగిపోవుట కలదు. కావున ఈ పెట్టెను నమ్మి బ్యాటరీ తగ్గింపరాదు.

తుపాను వేరు సంగతి. 2014 అక్టోబరు 12 వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు పెక్కుచోట్ల దినములతరబడి విద్యుత్తు లేకపోయెను. అట్టి విపత్తునకు సరిపడు బ్యాటరీ కొనుట సంఘములకు తలకుమించిన పని. అప్పుడు మనుష్యుల కావలియే శరణ్యము. సభ్యులు వంతులు వేసికొని రాత్రింబగళ్లు గిడ్డంగి చుట్టు తిరుగవలెను. ఆ వంతుల పట్టిక తుపానునకు ముందే వ్రాసి యుంచుట మేలు.

నింపు కాలువయు చాలవలెను

పెద్ద చెరువు త్రవ్వి పిల్లకాలువతో నింపినచో అది నిండునప్పటికి కారు దాటిపోవును. పెద్ద బ్యాటరీ పెట్టి చిన్న ఛార్జరుతో సరిపుచ్చినచో ఇదే జరుగును. యూరపు దేశములవారి ఇ.ఎన్. 54 నియమావళి నాలుగవ భాగము ప్రకారము, వట్టిపోయిన బ్యాటరీ 24 గంటలలో 80 పాళ్లు నిండవలెను. 18 ఆంపియరు-గంటలలో 80 పాళ్లు 14.4, దానిని 24 చే భాగింపగా 0.6 ఆంపియరు. అదే సమయమున యంత్రమునకు 0.2 కావలెను. నింపునపుడు కొంత వ్యర్థమగును గనుక ఒక ఆంపియరు ఇవ్వగల ఛార్జరు ఉండవలెను. ప్రతి ప్యానెలు కాగితముమీదను "ఇంతకు మించిన బ్యాటరీ తగిలింపరాదు" అని వ్రాసి యుండును. అది చదువక 7 తీసి 18 పెట్టినవానికి ఎన్నడును నిండని బ్యాటరీ దక్కును.

కొనునపుడు చేయరాని పనులు

లారీ బ్యాటరీగాని, ట్రాక్టరు బ్యాటరీగాని తెచ్చి తగిలింపరాదు. అవి ఇంజను కదల్చుటకు క్షణకాలము గట్టిగా ఇచ్చునట్లు చేసినవి. గంటలకొలది మెల్లగా ఇచ్చి అడుగంటుటకు చేసినవి కావు. పైగా మూత బిగింపని బ్యాటరీనుండి నిండునపుడు మండెడు వాయువు వెలువడును. అది ప్రత్తి గిడ్డంగిలో ఉండదగినది కాదు.

ఒకటి పాడైనచో ఒకటే మార్చరాదు. ఒక కాడికి ముసలియెద్దును, కోడెను కట్టినచో రెండును చెడును. జంటగా తీసి, ఒకే తయారీవి, ఒకే నెలవి, జంటగానే పెట్టవలెను.

దుకాణములో ఏడాదిగా పడియున్న సరకు చౌకయని తేరాదు. వాడకున్నను బ్యాటరీ తరుగును. తయారైన నెల చూచి కొనవలెను.

మన యెండలు

తయారుచేయువారు చెప్పు ఆయువు 25 డిగ్రీల వేడిమికి చెప్పినది. సుమారు 10 డిగ్రీలు పెరిగినకొలది ఆయువు సగమగును. ఐదేండ్ల బ్యాటరీ ఏడాది పొడవున 35 డిగ్రీలలో నున్నచో రెండున్నర యేండ్లకే ముసలిదగును. రెంటచింతల, రామగుండము వంటి తావులలో వేసవిని 45 డిగ్రీలు దాటుట కలదు. రేకుల కప్పు క్రింద ఇంకను హెచ్చు. కావున ప్యానెలును, బ్యాటరీని రేకుల కప్పునకు దగ్గరగా గాని, పడమటి గోడకు గాని అమర్పరాదు. కార్యాలయపు గదిలో నీడపట్టున, గాలి ఆడుచోట నుంచవలెను. తయారువారు ఏమి వ్రాసినను, మన ప్రాంతమున రెండేండ్లు దాటిన బ్యాటరీని అనుమానముతోనే చూడవలెను.

పరీక్ష

అమర్చిన దినముననే ఎలక్ట్రీషియనుచేత మెయిను తీయించి, బ్యాటరీ తీగెలో ఆంపియరు మీటరు పెట్టించి, కాచియున్నపుడు ఎంత పారుచున్నదో, మ్రోగునపుడు ఎంత పారుచున్నదో చూపింపుమని అడుగవలెను. కాగితముమీది 200 మీటరుమీద 260 అయినచో లెక్క మరల వేయవలెను. వ్రాతకంటె కొలత నమ్మదగినది.

నెలకొకసారి మెయిను తీసి, గంటసేపు యంత్రమును బ్యాటరీమీదనే యుంచి, పిమ్మట మీట నొక్కి హూటరులు అన్నియు గట్టిగా మ్రోగుచున్నవో లేదో వినవలెను. ఊరివారికి ముందుగా చెప్పుట మరువరాదు. మ్రోగుచున్నపుడు రెండు బ్యాటరీల జంటమీద వోల్టు మీటరు పెట్టి చూడవలెను. అది 21 వోల్టులకు జారినచో బ్యాటరీ అడుగంటినదని యెరుగవలెను. గంటసేపటికే అట్లు జారినచో ఆ జంటను తీసివేయవలసినదే.

ఏడాదికొకసారి నిండు పరీక్ష చేయవలెను. మెయిను తీసి, మనము లెక్కించిన 62 గంటలును ఉంచి, చివర అరగంట మ్రోగించి చూచుటయే ఆ పరీక్ష. గిడ్డంగిలో సరకు తక్కువగా నుండు నెలలో దీనిని పెట్టుకొనుడు. పరీక్ష జరుగు దినములలోను, పిమ్మట బ్యాటరీ మరల నిండువరకును కావలిమనిషి యుండవలెను.

బ్యాటరీమీద అమర్చిన తేదీని పెద్ద అక్షరములతో రంగుతో వ్రాయించుడు. పరీక్షల తేదీలను, వోల్టులను ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. కార్యదర్శులు మారుచుందురు, పుస్తకము నిలుచును.

సభ్యులు అడుగవలసినవి

వచ్చు సర్వసభ్య సమావేశమున ఏ సభ్యుడైనను లేచి నాలుగు ప్రశ్నలు వేయవచ్చును. మన గిడ్డంగి మనుష్యులు లేక మిక్కిలి దీర్ఘముగా ఎన్ని గంటలు మూసియుండును? ఆ గంటలకు 24 కలిపి బ్యాటరీ లెక్క ఎవరైనను వేసిరా? బ్యాటరీమీది తేదీ ఎప్పటిది? మెయిను తీసి గంట మ్రోగించి చూచినది ఎన్నడు? ఈ నాలుగింటికిని కార్యవర్గమువారు అంకెలతో జవాబు చెప్పగలిగినచో ఆ సంఘపు సభ్యులు నిశ్చింతగా నిదురింపవచ్చును. చెప్పలేకపోయినచో ఎవరిని నిందించియు ప్రయోజనము లేదు. మరునాడే గిడ్డంగికి పోయి, మెయిను తీసి, గడియారము చూచుకొనుచు కూర్చుండవలెను. బ్యాటరీ తన జవాబు తానే చెప్పును.